గులాబీ పురుగు, బీటీ: నీ ప్రాజెక్టు గురించి

బిడ్డా,

పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగును, పురుగుల్ని చంపే ప్రొటీన్ చేసే బీటీ బ్యాక్టీరియాను పోల్చి ప్రాజెక్టు చేస్తున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో పత్తి ఏరినవాళ్లే గానీ దాని మీద పరీక్షలు చేసినవాళ్లు లేరు. ఊరంతా చెప్పుకొని తిరుగుతున్నా. కానీ కాయలకోసం ఏ చేలోకి పోయినా, మందు ఎప్పుడు కొట్టారో ముందు అడుగు. నిన్న కొట్టామంటే వెనక్కి వచ్చెయ్. 1997-98లో లద్దెపురుగు పడ్డప్పుడు మన వరంగల్ దిక్కు మందుల అప్పులు ఎన్ని ఇండ్లు ఆర్పాయో చూసినవాణ్ణి, నాకు ఆ వాసనంటేనే టెన్షన్.

ఫొటోలు, పట్టికలు నీకు తెలిసినవే. రెక్కల పురుగు ఇంత, బ్యాక్టీరియా ఇంత అని సైజులు రాస్తే ఏమొస్తుంది? ఒకదాని కడుపులో రెండోదాని ప్రొటీన్ ఏం చేస్తుందో రాయి. బీటీ మట్టిలో ఉండేదే అయినా, మనిషి కంటపడింది చచ్చిన పురుగుల్లో: 1901లో జపాన్‌లో పట్టుపురుగుల్లో, 1911లో జర్మనీలో పిండిపురుగుల్లో. దాని ప్రొటీన్ స్ఫటికం క్షారగుణమున్న పురుగు పేగులో కరిగి, గోడకు చిల్లులు పెడుతుంది. మన పత్తిలో ఉన్నది ఆ ప్రొటీన్ చేసే జన్యువే, బ్యాక్టీరియా కాదు. ఈ రెండూ కలిపేశావో, మీ సారుకంటే ముందు నేనే సున్నా వేస్తా.

ఇక మా తరం చేసిన పని విను. 2002లో బీటీ పత్తి వచ్చాక 450 గ్రాముల విత్తనంతో 120 గ్రాముల నాన్ బీటీ, అంటే ఆ జన్యువు లేని మామూలు పత్తి విత్తనం ప్యాకెట్ ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. “పురుగుకు మేత మనమెందుకు పెట్టాలె?” అని గట్టు మీదే పారేసేవాళ్లు. మీ తాత మరీ గట్టిగా నవ్వేవాడు. ఆ వరుసల్లో పెరిగిన మామూలు పురుగులు బీటీని తట్టుకున్నవాటితో జతకడితే, పుట్టేవి చాలామట్టుకు బీటీకి చచ్చేవే. మామూలువి లేకుంటే తట్టుకున్నవి వాటిలో అవే కలుస్తాయి, పుట్టేవీ తట్టుకునేవే. శనగపచ్చ పురుగుకు కంది, శనగ, టమాట ఉన్నాయి, అక్కడ పెరిగినవి వచ్చి కలుస్తాయి. గులాబీ పురుగుకు పత్తే దిక్కు. పైగా సంక్రాంతి దాటినా పత్తికట్టె పీకకుండా నీళ్లు పెట్టి దానికి మేత మిగిల్చాం. 2006లో రెండు బీటీ ప్రొటీన్ల విత్తనం తెస్తే కొన్నేండ్లలో గులాబీ పురుగు దాన్నీ దాటేసింది. నెలకో తరం నడిచే పురుగు మారుతూనే ఉంది, మొక్కలో మనం బిగించిన జన్యువు ఉన్నచోటే ఉంది. పోల్చేది ఇక్కడ పోల్చు బిడ్డా. రైతుకు తెలివి లేదని మాత్రం రాయకు. అప్పు తెచ్చి వేసిన చేలో పురుగుకు వాటా ఇమ్మంటే నువ్వైనా నవ్వేదానివే.

లింగాకర్షక బుట్టలు, అదే ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని పట్టేవి, నేను తెచ్చిపెడతా. రెక్కల పురుగులను పొద్దున్నే లెక్కబెట్టు, బూట్లు వేసుకొని పో, పాములుంటాయి.

నీ పెద్దబాపు