కృష్ణ దాకా ఒక అట్లాసు

ప్రశ్న: తాతగారి పెట్టెలో ఒక పాత మ్యాపు దొరికింది. దాని మీద 'ఏరోస్మిత్, లండన్, 1822' అని ఉంది. ఆయన మన దేశం వచ్చి కొలిచారా?

జవాబు: లేదండీ. కొలతలు లాంబ్టన్ వంటి మద్రాసు సర్వేయర్లవి. 1750లో డరమ్ ప్రాంతంలో పుట్టిన ఏరన్ ఏరోస్మిత్ లండన్‌లో మ్యాపులు గీసి అచ్చువేసేవారు. 1790 నాటి పెద్ద ప్రపంచ పటంతో పేరొచ్చింది. కొత్త వివరం అందితే మ్యాపు చెక్కిన పాత రాగిరేకునే సరిదిద్ది మళ్ళీ అచ్చువేసేవారు. ఆ ఓపికంటే నాకెంతో గౌరవం. మీది బహుశా ఆయన 18 షీట్ల దక్షిణ భారత అట్లాసులోది: కన్యాకుమారి నుంచి కృష్ణ వరకు, అంగుళానికి నాలుగు మైళ్ళు. కృష్ణ ఒడ్డున పెరిగినవాణ్ణి, ఆ పేరు చదివితే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ అట్లాసు వచ్చిన మరుసటి ఏడాదే ఏరోస్మిత్ పోయారు. దయచేసి లామినేషన్ మాత్రం చేయించకండి.