డాక్టర్ చదువు డబ్బు పరంగా గిట్టుబాటవుతుందా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అబ్బాయి పదో తరగతి పూర్తయింది. ఇంట్లో అందరూ బైపీసీలో చేర్చమంటున్నారు. మాకు మూడెకరాలుంది. డాక్టరు చదివిస్తే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా, లేక ఇంజనీరింగే నయమా?"

నేను ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊళ్లో క్లినిక్ నడుపుతున్నానండి. జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేశాను. మా తమ్ముడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. ఒకే బడిలో చదివి, రెండేళ్ల తేడాతో నేను బైపీసీకి, వాడు ఎంపీసీకి వెళ్లాం. మీరడిగిన లెక్క మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ అరిసెలతో పాటు బయటికి వస్తుంది. ఇంతవరకు తేలలేదు.

2000లో నా ఇంటర్ అయింది. ఎంసెట్‌లో మొదటిసారి సీటు రాలేదు. ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చుంటే 2001లో ప్రభుత్వ కాలేజీలో వచ్చింది. ఏడాది ఫీజు పదివేలు దాటేది కాదు, నాన్నకి హాస్టలు ఖర్చే ఖర్చు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ అయ్యేసరికి 2007 వచ్చింది, నాకు ఇరవై నాలుగేళ్లొచ్చాయి. తమ్ముడు 2006లోనే బీటెక్ ముగించి, ఏడాదికి రెండు లక్షల డెబ్భై వేలకి ఉద్యోగంలో చేరిపోయాడు. నేను రెండేళ్లు గుంటూరులో రాత్రిపూట డ్యూటీ డాక్టర్‌గా చేస్తూ, పగలు పీజీ ఎంట్రన్సుకి చదువుకున్నాను. నెలకి పన్నెండు వేలు ఇచ్చేవాళ్లు.

2010లో వాడు మియాపూర్‌లో లోను మీద ఫ్లాటు కొన్నాడు. అప్పుడు నేను పీజీ మొదటి సంవత్సరం. రాత్రి డ్యూటీ దిగి, అదే చొక్కాతో బస్సెక్కి గృహప్రవేశానికి వెళ్లాను. అప్పటికి రెండు నెలలుగా స్టైపెండు రాలేదు. చదివింపులకి కవర్లో పెట్టిన వెయ్యిన్నూట పదహార్లు నాన్న దగ్గరే అడిగి తీసుకున్నాను. తమ్ముడి గృహప్రవేశానికి తమ్ముడి తండ్రి డబ్బే చదివించానన్నమాట. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ ఆ రోజు రాలేదు.

డాక్టరు సంపాదిస్తాడా లేదా అంటే సంపాదిస్తాడు, అనుమానం లేదు. మరి ఎప్పటి నుంచి? నా చేతికి చెప్పుకోదగ్గ డబ్బు వచ్చింది ముప్పై దాటాకే. అప్పటికి తమ్ముడు ఏడేళ్లుగా జీతం తీసుకుంటూ, పీఎఫ్ కూడబెట్టి, ఫ్లాటు లోనులో కొంత తీర్చేశాడు. ఆ ఫ్లాటు ధర ఎంత పెరిగిందో నేను చెప్పక్కర్లేదు. ఇరవైల్లో దాచిన రూపాయికి పెరగడానికి బోలెడు కాలముంటుంది. నా ఇరవైలు మొత్తం వార్డుల్లోనే పోయాయి.

ఎండీ అయ్యాక మొదట విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. జీతం బాగానే ఉండేది. నెలాఖరున మీటింగు పెట్టి, ఓపీకి వచ్చినవాళ్లలో ఎంతమందిని అడ్మిట్ చేశావని లెక్క అడిగేవారు. దాన్ని వాళ్ల భాషలో 'కన్వర్షన్' అంటారు. జ్వరమొచ్చిన ముసలాయన్ని ఇంటికి పంపినందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిన రోజున, ఇక చాలనిపించింది. 2015లో ఇటు వచ్చేశాను.

సొంత క్లినిక్ అంటే బోర్డు పెట్టగానే జనం వస్తారనుకుంటారు. మొదటి ఏడాది రోజుకి ఏడెనిమిది మంది వచ్చేవారు, అందులో ఇద్దరు చుట్టాలు. చుట్టుపక్కల పల్లెల్లో రోగిని ఎవరి దగ్గరికి పంపాలో నిర్ణయించేది ఆర్‌ఎంపీలు, అంటే డాక్టరు డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసేవాళ్లు. వాళ్లకి కమీషన్ ఇస్తేనే కేసులొస్తాయి. మొదటి ఆరు నెలలు నేనూ ఇచ్చాను, అబద్ధమెందుకు. ఆ కమీషన్ చివరికి రోగి టెస్టుల్లోంచే లాగాల్సి వస్తుందని అర్థమయ్యాక మానేశాను. ఓపీ నిలదొక్కుకోవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఇప్పటి లెక్క ఇదీ. రోజుకి నలభై మంది వస్తారు. సగం మందిది పాత చీటీయే, ఫీజుండదు. మిగతా ఇరవై మందికి మూడొందల చొప్పున ఆరువేలు, నెలకి పాతిక రోజులు వేసుకుంటే లక్షన్నర. ల్యాబూ మెడికల్ షాపూ కలిపి ఇంకో లక్షన్నర మిగులుతుంది. చిన్న ఊళ్లో డాక్టరు ఆదాయంలో ఈ రెండో భాగమే అసలు గుట్టు. ఫీజు మీదే బతుకుతున్నానని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకండి. అద్దె, నలుగురు మనుషుల జీతాలు, కరెంటు, బయోమెడికల్ వేస్టు వాళ్లకి కట్టేది కలిపి లక్ష పోతుంది. చేతికి రెండు లక్షలు. ఫీజుల వసూళ్లు ఏడాదికి 50 లక్షల లోపుంటే ఆదాయపన్ను చట్టం ప్రకారం అందులో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కట్టే వీలుంది. తమ్ముడికి ఆ సుఖం లేదు, వాడి జీతం పన్ను కోసుకునే వస్తుంది.

వాడికి నాకంటే ఎక్కువే వస్తుంది, కానీ 2023లో ఉద్యోగం పోయి ఏడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. వాడు ఆ ఏడు నెలలు పడ్డ టెన్షన్ నేనెప్పుడూ పడలేదు. నలభై దాటాక డాక్టరుకి పని పెరుగుతుంది, కొంచెం నెరిసిన జుట్టు చూస్తే రోగికి నమ్మకం కుదురుతుంది. సాఫ్ట్‌వేర్లో అదే జుట్టుకి రంగేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లాలి. అయినా మొత్తం ఆస్తి చూస్తే ఈరోజుకీ వాడే ముందున్నాడు. యాభై నాటికి అందుకుంటానేమో, చూడాలి.

నా లెక్క ఈ మాత్రమైనా తేలిందంటే సీటు దాదాపు ఉచితంగా రావడం వల్లే. మీ అబ్బాయి విషయంలో అసలు సంగతి ఇదే. మెడిసిన్ సీట్లకి ఇప్పుడు ఎంసెట్ బదులు నీట్ రాయాలి. 2024లో దానికి దరఖాస్తు చేసినవాళ్లు 24 లక్షలు దాటారు. దేశం మొత్తంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు, ప్రభుత్వ కాలేజీల్లోవి అందులో సగం. ప్రైవేటు కాలేజీలోనైనా కన్వీనర్ కోటాలో, అంటే మెరిట్ మీద తక్కువ ఫీజుకి ఇచ్చే సీట్లలో వస్తే ఫీజు భరించగలిగేదే. బి కేటగిరీకి, అంటే యాజమాన్య కోటాకి వెళ్తే మాత్రం ఏడాదికి 12 లక్షలు, అటూ ఇటూగా ఉంటుంది. నాలుగున్నరేళ్లకు 54 లక్షలు, హాస్టలూ మిగతావీ కలిపి 65 అనుకోండి.

ఆ 65 లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే నెలకి దాదాపు 38 వేల వడ్డీ వస్తుంది. ఎంబీబీఎస్ మాత్రమే చదివిన కుర్రాడికి మా వైపు నర్సింగ్ హోముల్లో ఇస్తున్నది నలభై నుంచి అరవై వేలు, అదీ రాత్రి డ్యూటీలు చేస్తే. అప్పు తెచ్చి చదివిస్తే ఇంకా కష్టం. 65 లక్షలకి పది శాతం వడ్డీ మీద పదేళ్ల వాయిదా నెలకి 86 వేలు పడుతుంది. డ్యూటీ డాక్టరు జీతం మొత్తం కట్టినా చాలదు.

ఎంబీబీఎస్‌తో ఆగేవాళ్లు ఇప్పుడు తక్కువే. పీజీ ఉండాలి, అదీ రేడియాలజీ, డెర్మటాలజీ లాంటివి కావాలంటారు. మెరిట్‌లో రాకపోతే మళ్లీ యాజమాన్య కోటా, మళ్లీ పొలం అమ్మడం. పెద్ద ఆసుపత్రి ఉన్న తల్లిదండ్రులకి ఈ ఖర్చు అర్థవంతమే, కొడుకు చదువై రాగానే కూర్చోవడానికి కుర్చీ సిద్ధంగా ఉంటుంది. మూడెకరాల రైతుకి అది వర్తించదు.

బాగా సంపాదించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. నా బ్యాచ్‌లో ఒక జంట ఉంది, ఆయన సర్జన్, ఆవిడ గైనకాలజిస్టు. ముప్పై పడకల నర్సింగ్ హోము. నాకు ఏడాదికి వచ్చేది వాళ్లకి రెండు నెలల్లో వస్తుంది. అయితే బిల్డింగు మీద కోటి దాటిన అప్పుంది, కాన్పులు వేళాపాళా చూసి రావు కాబట్టి ఇద్దరూ కలిసి తిరుపతి వెళ్లి ఎన్నేళ్లయిందో వాళ్లకే గుర్తులేదు. ఇంకొకాయన ప్రభుత్వంలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరి, సర్వీసు కోటాలో పీజీ చేశాడు, చదివినన్నాళ్లూ జీతం వచ్చింది. మా బ్యాచ్‌లో నిద్ర సరిగ్గా పోయేది ఆయనొక్కడే.

కట్నం సంగతి కూడా ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు, "డాక్టరైతే ఆ డబ్బు పెళ్లిలో వచ్చేస్తుంది" అని. ఆ లెక్క వేసేవాళ్లతో నేను మాట్లాడను.

తక్కువలో అవుతుందని ఫిలిప్పీన్స్, జార్జియా అంటూ ఏజెంట్లు ఫోన్లు చేస్తారు. అక్కడ చదివొచ్చినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఎఫ్‌ఎమ్‌జీఈ అనే పరీక్ష పాసవ్వాలి. అందులో గట్టెక్కేది నలుగురిలో ఒకరు, అటూ ఇటూగా. ఆ మాట ఏజెంటు చెప్పడు.

మీ ప్రశ్నకి నా జవాబు: అబ్బాయికి ఇష్టమైతే బైపీసీలో చేర్చండి. ఒకసారి రాయించి, అంచులో పోతే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ పెట్టించండి, అంతటితో ఆపండి. కన్వీనర్ కోటాలో వస్తే కళ్లు మూసుకుని చేర్చవచ్చు. రాకపోతే అగ్రికల్చర్ బీఎస్సీ, వెటర్నరీ ఉన్నాయి. బి కేటగిరీ కోసం పొలం మాత్రం అమ్మకండి.

బైపీసీలో చేర్చే ముందు వాడి బయాలజీ మార్కులు చూసి మురిసిపోవద్దు, ఫిజిక్స్ ఎలా ఉందో చూడండి. నీట్‌లో 720కి బయాలజీ 360 ఉన్నా, అది అందరూ బాగానే రాస్తారు. ర్యాంకు తేలేది 180 మార్కుల ఫిజిక్స్ దగ్గరే. నేను మొదటిసారి పోయిందీ అందులోనే.