పేలిన కుక్కర్‌ను వాళ్ల చేతికి ఇవ్వకండి

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ మూడు నెలలకే పేలింది. మా అత్తగారి చేయి, మెడ కాలాయి. కుక్కర్ మీద ఐఎస్ఐ ముద్ర లేదు. పాతది తిప్పి పంపితే కొత్తది ఇస్తామంటున్నారు. అమ్మింది తాము కాదట, తమ సైట్‌లో వేరే వ్యాపారి అమ్మాడట. నష్టపరిహారం అడగవచ్చా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: తప్పకుండా అడగవచ్చమ్మా. కానీ ముందు ఆ కుక్కర్‌ను ఎవరికీ ఇవ్వకండి. మూత, గ్యాస్కెట్, వెయిట్, సేఫ్టీ వాల్వ్ ఎలా ఉన్నవి అలాగే సంచిలో కట్టి పెట్టండి. కడగొద్దు కూడా. వెయిట్ రంధ్రం శుభ్రం చేయలేదనో, గ్యాస్కెట్ మార్చారనో తప్పు మీ మీదికి నెట్టడం కంపెనీలకు అలవాటే. వినియోగదారుల కమిషన్ దాన్ని సీలు వేయించి ల్యాబ్‌కు పంపగలదు. వస్తువే చేతిలో లేకపోతే పరీక్షించేదేముంది? అమ్మకం పేజీ కూడా మాయం కాకముందే వ్యాపారి పేరు, తయారైన దేశం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. బిల్లు, ఆసుపత్రి కాగితాలు, గాయాల ఫొటోలు జత చేయండి.

ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్లకు 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. అది లేకుండా అమ్మడమే చట్టవిరుద్ధం.

‘మేం అమ్మలేదు’ అన్నంత మాత్రాన సైట్ తప్పించుకోలేదు. ఇలాంటి కుక్కర్లు 2,265 అమ్ముడైన కేసులో 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. కొన్నవాళ్లకు డబ్బు తిరిగివ్వాలని కూడా ఆదేశించింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. మీరు రాతపూర్వకంగా అడిగితే వ్యాపారి చిరునామా సైట్ ఇచ్చి తీరాలి. తయారీదారు ఎవరో తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ కింద ఆ వ్యాపారే బాధ్యుడు.

ఆ ప్రాధికార సంస్థ మీకు విడిగా పరిహారం ఇప్పించదు. దానికి జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. మీరు ఉండే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. ఫీజు లెక్క వస్తువుకు చెల్లించిన ధరను బట్టే కాబట్టి మీకు ఫీజు పైసా కూడా ఉండదు. ఆర్డర్ మీ పేరున ఉన్నా, కొన్నవారి అనుమతితో వాడినవారూ వినియోగదారులే. అత్తగారి పేరు కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి. కుక్కర్ ధర వేరుగా, వైద్య ఖర్చులు, బాధకు పరిహారం వేరుగా అడగండి.

ఈలోగా కొత్త కుక్కర్‌తో పాటు ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే కాగితం పంపితే సంతకం పెట్టకండి.