అభిమానిగా చూసిన ఇమేజ్‌ని తెర వెనక నిలబడి తయారుచేయాలంటే

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మూడేళ్లుగా ఒక కొరియన్ పాప్ గ్రూప్‌కి ఫ్యాన్ పేజీ నడుపుతున్నాను, వీడియో ఎడిటింగ్ కూడా నేనే చేస్తాను. గ్రూప్‌లో ఎవరు అల్లరిగా ఉండాలి, ఎవరు ముభావంగా ఉండాలి, ఎయిర్‌పోర్టుకి ఏ బట్టలు వేసుకెళ్లాలి, అన్నీ కంపెనీయే చెబుతుందని ఈమధ్య ఒక వీడియోలో చూశాను. మూడు రోజులు మనసు బాగోలేదు. తర్వాత, అవన్నీ నిర్ణయించేవాళ్లలో నేనెందుకు ఉండకూడదు అనిపించింది. అమ్మ 'అదేం ఉద్యోగం' అంటోంది. ఇది కెరీర్ అవుతుందా? ఏం చదవాలి? అసలు ఇది అబద్ధాలు అమ్మే పనా? నా పేరు వేయొద్దు.

జవాబు: పేరు వేయడం లేదు, కంగారుపడకు. ఈ రంగం గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది స్టార్లని దగ్గర్నుంచి చూడొచ్చన్న ఆశతో అడుగుతారు. నువ్వు తెర వెనక ఏముందో చూసి, బాధపడి, ఆ తర్వాత కూడా అడుగుతున్నావు, అది నాకు నచ్చింది. అందుకే నీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలకుండా మిగతావి ఎన్ని చెప్పినా నీ మనసుకి ఎక్కవు.

ఇమేజ్ అంటే లేనిదాన్ని పుట్టించడం అనుకుంటాం. చాలావరకు అది ఉన్నవాటిలోంచి కొన్నిటిని ఏరడం, ఏరినవాటినే పదే పదే చూపించడం. 1962 జనవరిలో బీటిల్స్ అనే ఇంగ్లండ్ పాటల బృందంతో మేనేజర్‌గా ఒప్పందం చేసుకున్న బ్రయాన్ ఎప్‌స్టీన్‌ని తీసుకో. అప్పటిదాకా ఆ కుర్రాళ్లు తోలు జాకెట్లు వేసుకుని, స్టేజీ మీదే తింటూ, సిగరెట్లు కాలుస్తూ వాయించేవాళ్లు. ఆయన సూట్లు కుట్టించాడు, తిండీ సిగరెట్లూ మాన్పించాడు, ప్రదర్శన అయ్యాక అందరూ కలిసి ప్రేక్షకుల ముందు తల వంచాలన్నాడు. వాళ్ల గొంతులు, పాటలు, చమత్కారం ఆయన ఇచ్చినవి కావు, అవి ముందునుంచీ ఉన్నవే. కాకపోతే టీవీ ముందు కూర్చున్న తల్లిదండ్రులు ఛానల్ మార్చకుండా ఆ పాటలు వినేలా చేసింది మాత్రం ఆ సూట్లూ, ఆ తల వంచడమూ.

డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ 1959లో పెట్టిన మోటౌన్ అనే రికార్డు కంపెనీ ఈ పనికి ఏకంగా ఒక విభాగమే నడిపింది. గోర్డీ అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఒక చివర వట్టి చట్రంగా బయల్దేరింది ఇంకో చివరికి కొత్త కారై వస్తుంటే చూసి, పాడేవాళ్లని కూడా ఇలా మెట్టు మెట్టుగా తయారుచేయొచ్చు అనుకున్నాడు. మాక్సిన్ పావెల్ వాళ్లకి నడక, కూర్చునే తీరు, మాట్లాడే పద్ధతి నేర్పేది, చోలీ ఆట్కిన్స్ స్టెప్పులు నేర్పేవాడు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనూ వైట్‌హౌస్‌లోనూ పాడేంతగా వాళ్లని తయారుచేస్తున్నాననేది ఆమె మాట. నల్లజాతి గాయకులకి పెద్ద వేదికలు అంత తేలిగ్గా తలుపులు తీయని అమెరికా అది. అలా మెరుగులు దిద్దుకుంటేనే లోపలికి రానిస్తామనడం అన్యాయమే, నాకు అందులో అనుమానం లేదు. కానీ ఆ శిక్షణ తీసుకున్న సుప్రీమ్స్ గ్రూప్ అమెరికా చార్టుల్లో 12 సార్లు మొదటి స్థానంలో నిలిచింది. ఆ అమ్మాయిలు పాడింది సొంత గొంతులతోనే.

మరి అబద్ధం ఎక్కడ మొదలవుతుంది? మిల్లీ వనిల్లీ అనే పాప్ జంటకి 1990లో కొత్త కళాకారుల గ్రామీ వచ్చింది. అదే ఏడాది నవంబరులో, ఆ పాటల్లో వినపడే గొంతులు అసలు వాళ్లవి కావని నిర్మాత ఫ్రాంక్ ఫారియాన్ ఒప్పుకున్నాడు, గ్రామీ వెనక్కి తీసుకున్నారు. ఇంగ్లిష్ గాయకుడు డేవిడ్ బౌవీ కూడా తను కాని మనిషిగా స్టేజీ ఎక్కాడు. 1972లో జిగ్గీ స్టార్‌డస్ట్ అనే పాత్ర సృష్టించుకుని, 1973 జులై 3న లండన్ వేదిక మీదే ఆ పాత్రకి సెలవు చెప్పాడు. ఆయన్ని మోసగాడని ఎవరూ అనలేదు, ఎందుకంటే అది వేషమని చూసేవాళ్లకి తెలుసు. జనం దేనికోసం డబ్బు పెడుతున్నారో సరిగ్గా దాన్నే దాచిపెడితే అది మోసం. నేను గీత గీసేది అక్కడ. నీ గ్రూప్‌లో అల్లరి అబ్బాయి ఇంట్లో కాస్త తక్కువ అల్లరి చేస్తాడని తెలిస్తే, అది ఆ గీతకి ఇవతలే ఉంది.

ఇంకో విషయం, అన్నీ కంపెనీ గదిలోనే పుడతాయనుకోకు. లండన్‌లో 1994లో పత్రికా ప్రకటన ఇచ్చి, ఆడిషన్లు పెట్టి కూర్చిన గ్రూప్ స్పైస్ గర్ల్స్. వాళ్లని ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న ఆ ఐదు ముద్దుపేర్లు మాత్రం కంపెనీ పెట్టినవి కావు, 1996లో పీటర్ లొరెయిన్ అనే పత్రికా ఎడిటర్ పెట్టినవి. పేర్లు అతుక్కున్నాయని తెలియగానే గ్రూప్ వాటినే పట్టుకుంది, బట్టలూ బొమ్మలూ ప్రకటనలూ అన్నీ వాటి చుట్టూ తిరిగాయి. చిన్నపిల్లలు 'నేను ఫలానా స్పైస్' అని తమకి నచ్చినదాన్ని ఎంచుకున్నారు. ఐదుగురిలో ఎవరో ఒకరు నీలా అనిపించాలి, అదే కిటుకు. నీ గ్రూప్‌లో ఒకరు అల్లరి, ఒకరు ముభావం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆల్బమ్‌లో ఎవరి ఫొటో కార్డు వస్తుందో ముందే తెలియకుండా పెట్టేదీ అందుకే, కావలసిన మనిషి దొరికేదాకా ఇంకోటి కొంటారని.

పని దగ్గర్నుంచి ఎలా ఉంటుందో చెప్తాను. నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి ఇప్పుడు ఒక గాయని పబ్లిసిటీ టీమ్‌లో ఉంది. ఒకసారి ఫొటోషూట్ ఫోల్డర్ తెరిచి చూపించింది. దాదాపు ఆరొందల ఫొటోలు, బయటికి వెళ్లేవి నాలుగు. వాటిలో ఒకటి కళ్లు మూసుకుని నవ్వుతున్నది, పక్క పన్ను కాస్త వంకరగా కనిపిస్తోంది. గాయనికి ఆ ఫొటో ఇష్టం లేదు. టీమ్‌కి అదే కావాలి, ఎందుకంటే ఆ ఆల్బమ్ మొత్తానికి వాళ్లు ముందే ఒక వాక్యం రాసుకున్నారు, 'ఇంటికి తిరిగొచ్చిన అమ్మాయి' అని. జుట్టు రంగు, ఇంటర్వ్యూలో చెప్పే రెండు మూడు చిన్ననాటి సంగతులు, టీజర్‌లో వెలుతురు, పోస్టుల్లో అక్షరాల తీరు, అన్నీ ఆ వాక్యానికి లోబడే ఉండాలి. రెండు రోజులు వాదించుకున్నాక చివరికి గాయని ఒప్పుకుంది. ఈ ఉద్యోగంలో అసలు పని ఆ రెండు రోజులే. ఒక మనిషి మొహం గురించి ఆ మనిషితోనే, నొప్పించకుండా, నిజాయితీగా మాట్లాడటం.

మిగతాదంతా చాకిరీ. 1993లో ప్రిన్స్ అనే అమెరికా గాయకుడు తన పేరు తీసేసి, నోటితో పలకలేని ఒక గుర్తుని పేరుగా పెట్టుకున్నాడు. వినడానికి గొప్ప ఎత్తుగడ. కానీ ఆ గుర్తుని పత్రికలు అచ్చువేసేది ఎలా? రికార్డు కంపెనీ దాన్ని ఫాంటుగా చేయించి ఫ్లాపీ డిస్కుల్లో ఎక్కించి పత్రికలకి పంపింది. పాటగాడి ఆలోచన జనంలోకి వెళ్లాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఆ ఫ్లాపీలు పంపాలి, మొదటి రెండేళ్లు ఆ ఒకరు నువ్వే అవుతావు. పాటల విడుదల వేళలకి రాత్రీ పగలూ లేదు, మొదట్లో జీతం తక్కువ, కొన్నిచోట్ల అదీ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ఇది అమ్మకి దాచకుండా చెప్పు. దాంతోపాటు ఇదీ చెప్పు: ఒక మనిషి గురించి ఒక్క వాక్యంలో చెప్పగలగడం, దాన్ని ఫొటోలోకీ మాటలోకీ తేవడం, జనం ఎలా స్పందించారో లెక్క చూసుకోవడం, ఈ మూడూ వచ్చినవాళ్లకి సంగీతంలో కుదరకపోతే సినిమా, ఆటలు, ప్రకటనల కంపెనీలు ఎక్కడైనా పని దొరుకుతుంది. అమ్మ భయం ఉద్యోగం పేరు గురించి కాదనుకుంటా, రేపు ఆ గ్రూప్ విడిపోతే నీ గతేంటని.

చదువు సంగతికొస్తే, డిగ్రీ పూర్తి చెయ్యి, మధ్యలో వదలకు. పబ్లిసిటీ వైపు వెళ్లాలంటే జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్. ఆల్బమ్‌ని మార్కెట్‌లోకి తీసుకెళ్లే ప్రొడక్ట్ మేనేజర్ పనికి మార్కెటింగ్. దృశ్యం మీద మనసుంటే డిజైన్. కాంట్రాక్టులు చూసే లాయర్లకీ ఈ రంగంలో మంచి చోటుంది. నువ్వు ఇప్పటికే ఎడిటింగ్ చేస్తున్నావు కాబట్టి కంటెంట్ టీమ్ తలుపు నీకు ముందు తెరుచుకోవచ్చు. కొరియా కంపెనీలే లక్ష్యమైతే భాష తప్పదు, టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో 6 స్థాయులుంటాయి, కనీసం 4 దాకా వెళ్లాలని పెట్టుకో, సబ్‌టైటిల్స్ చూసి నేర్చుకున్న కొరియన్ ఆఫీసులో సరిపోదు.

ఇక నీకు బాధ కలిగించిన చోటికి వస్తాను, తల్లీ. తెరమీది మనిషి మనకి తెలిసినవాడిలా అనిపించే ఈ ఏకపక్ష చుట్టరికం గురించి డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే రాశారు, అప్పటికి ఉన్నవి రేడియో, టీవీ, సినిమాలే. ఇప్పుడు బబుల్ లాంటి యాప్‌లో గాయకుడు ఒకే మెసేజ్ అందరికీ పంపుతాడు, పేరు ఉండాల్సిన చోట ఒక గుర్తు పెడతాడు, చూసేవాళ్లకి అక్కడ ఎవరి పేరు వాళ్లకి కనిపిస్తుంది. 'తిన్నావా' అని నీ పేరుతో వస్తే మనసు కరగకుండా ఎలా ఉంటుంది? ఆ మెసేజ్ రాసింది అతనే కావచ్చు, ప్రేమతోనే రాసి ఉండొచ్చు, కానీ అమ్ముతున్నది ఆ దగ్గరితనాన్నే. దాని ఖరీదు అభిమాని ఒక్కరే కట్టరు. 2024 మార్చిలో ఏస్పా అనే కొరియన్ పాప్ గ్రూప్ గాయని కరీనా ఒక నటుడితో ప్రేమలో ఉందని బయటపడ్డాక, అభిమానులకి చేత్తో ఉత్తరం రాసి క్షమాపణ చెప్పుకుంది. ప్రేమించినందుకు క్షమాపణ! ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు చాలా కష్టమనిపించింది. 'మేం మీ సొంతం' అనే భావాన్ని ఏళ్ల తరబడి అమ్మితే కొన్నవాళ్లు లెక్క అడుగుతారు, అప్పుడు ఎదుట నిలబడేది మార్కెటింగ్ వాళ్లు కాదు, ఆ ఇరవై మూడేళ్ల అమ్మాయి. నువ్వు రేపు అలాంటి మీటింగులో కూర్చుంటే, 'ఇది ఆమె మీద పడితే ఏం చేద్దాం' అని అడిగే ఒక్క మనిషివి నువ్వు కావాలి. అడిగితే విసుక్కుంటారు, అయినా అడుగు. కళాకారులని ఏళ్లకేళ్లు కట్టిపడేసే ఒప్పందాల మీద గొడవలయ్యాకే, 2009లో కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఒప్పందానికి ఏడేళ్ల పరిమితి ఉన్న నమూనా తెచ్చింది. అడిగేవాళ్లు ఉండబట్టే అదైనా వచ్చింది.

జాగ్రత్తలు రెండే. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగే ఏజెన్సీ ఏదైనా సరే, వదిలేయ్. డబ్బు తీసుకుని వేసే పోస్టుకి అది ప్రకటన అని రాయడం మానొద్దు, చాలా దేశాల్లో అది నిబంధన కూడా.

ఇప్పుడు చేయాల్సింది ఇది. నీ గ్రూప్ చివరి ఆల్బమ్ తీసుకో. విడుదలకి రెండు నెలల ముందు నుంచి నెల తర్వాత దాకా వాళ్లు బయటపెట్టిన ప్రతి ఫొటో, పోస్టు, ఇంటర్వ్యూ తేదీతో సహా ఒక పట్టికలో రాయి. ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది, ఏ రంగు తిరిగి తిరిగి కనిపించింది, దేని గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. కింద, వాళ్లు లోపల రాసుకుని ఉంటారనుకునే ఆ ఒక్క వాక్యాన్ని నీ ఊహతో రాయి. అది అయ్యాక, ఎవరికీ అంతగా తెలియని ఒక గాయకుణ్ణో గాయనినో అడిగి, వాళ్ల ఒప్పుదలతో మూడు నెలలు వాళ్ల పేజీ నడుపు. ఏం ప్రయత్నించావో, ఏది ఫలించలేదో దాచకుండా రాసిపెట్టుకో, ఇంటర్వ్యూలో ఫాలోయర్ల సంఖ్య కన్నా ఆ కాగితమే ఎక్కువసేపు చూస్తారు. ఆ మొదటి పట్టికకి ఒక పేజీ అదనంగా చేర్చు, ఆ మూడు రోజులు నీకు సరిగ్గా దేనికి బాధ కలిగిందో అందులో రాయి. రెండూ కలిపి నాకు పంపు, చదివి జవాబు రాస్తాను.