టెక్సాస్‌లో వెటరన్స్ ఫండ్ ప్రపోజిషన్‌కి ఓటేస్తే ట్యాక్స్ పెరుగుతుందా?

బ్యాలెట్‌లోని ప్రపోజిషన్లలో, అంటే జనం యెస్, నో అని తేల్చే ప్రతిపాదనల్లో, వెటరన్స్ (మాజీ సైనికుల) ల్యాండ్ ఫండ్, హౌసింగ్ ఫండ్ అని కనపడితే ఆ భారం మన ప్రాపర్టీ ట్యాక్స్ మీద పడుతుందేమోనని కదా మీ డౌటు. పడదండీ. నేను హ్యూస్టన్ దగ్గర ఇళ్ళ లోన్ల ఫైళ్ళు చూస్తాను, మాజీ సైనికులవి చాలానే చేశాను. ఈ ఫండ్లు నడిపే వెటరన్స్ ల్యాండ్ బోర్డు 1946 నుంచీ ఉంది. స్టేట్ పూచీతో బాండ్లు అమ్మి ఆ డబ్బు వెటరన్లకి అప్పిస్తుంది, వాళ్ళు నెలనెలా కట్టే వాయిదాలతోనే ఆ బాండ్లు తీరుస్తుంది. భూమికైతే 5 శాతం చేతి నుంచి పెట్టుకోవాలి, కనీసం ఒక ఎకరం కొనాలి, అప్పు తీరేదాకా టైటిల్, అంటే యాజమాన్య హక్కు, స్టేట్ దగ్గరే. అయితే రిస్కే లేదనే వాళ్ళ మాట కూడా నమ్మకండి, వాయిదాలు చాలకపోతే కట్టాల్సింది స్టేట్ ఖజానాయే.

మరి ఓటెందుకంటే, ఈ ఫండ్లు స్టేట్ రాజ్యాంగంలోనే రాసి ఉన్నాయి, వాటిని కదపాలంటే లెజిస్లేచర్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకున్నాక జనం కూడా ఒప్పుకోవాలి. 2003 సెప్టెంబర్ 13న ఒకేసారి 22 ప్రపోజిషన్లు పెట్టారు, అన్నీ గెలిచాయి. లైన్లో ఎవర్ని కదిపినా డాక్టర్ల మీద వేసే దావాల్లో నష్టపరిహారానికి పరిమితి పెట్టే 12వ దాని గోలే. మొదటిది మాత్రం ఇదే: ఆ రెండు ఫండ్లలోని ఆస్తుల్ని వయసు మళ్ళిన, జబ్బుపడ్డ వెటరన్ల హోమ్‌లకీ, రెవెన్యూ బాండ్ల (స్టేట్ పూచీతో కాక, వచ్చే ఆదాయంతో తీర్చే బాండ్ల) చెల్లింపులకీ వాడుకోనివ్వడం. నేను యెస్ అన్నాను.

వియత్నాం వెళ్ళొచ్చిన ఒక కస్టమర్‌కి మాత్రం అది మింగుడు పడలేదు. "మా వాయిదాలతో పోగైన డబ్బు, వేరేవాటికి తోడేస్తే తర్వాత వచ్చేవాళ్ళకి లోన్లేవి?" అన్నాడాయన. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే ఈ బోర్డు చరిత్ర అంత శుభ్రంగా లేదు. 1950ల్లో కొందరు భూవ్యాపారులు చవగ్గా కొన్న భూముల్ని, చాలామందికి తాము ఏం సంతకం పెడుతున్నారో కూడా తెలియని నల్లజాతి, మెక్సికన్ మూలాలున్న వెటరన్ల పేర్ల మీద, పెంచిన రేట్లకి స్టేట్‌కే అంటగట్టారు. క్యూరో అనే చిన్న ఊరి పత్రిక ఎడిటర్ కెనెత్ టవరీ దాన్ని బయటపెట్టి 1955లో పత్రికా రంగంలో పేరున్న పులిట్జర్ బహుమతి తెచ్చుకున్నాడు, ఆ బోర్డుకి అధ్యక్షుడైన ల్యాండ్ కమిషనర్ బాస్కమ్ జైల్స్ జైలుకెళ్ళాడు.

అందుకే నేనైతే ట్యాక్స్ కంటే ముందు, ఆ డబ్బు వెటరన్ల పనులకే పోతుందా, ఫండ్‌లో అవసరానికి మించిన మిగులు ఎంతో తేల్చేది ఎవరు అన్నది చూస్తాను. బ్యాలెట్ మీద ఉండే ఆ ఒక్క వాక్యంతో ఇవేవీ తెలియవు. ఎన్నికకి ముందు టెక్సాస్ లెజిస్లేటివ్ కౌన్సిల్ ప్రతి ప్రపోజిషన్‌కీ అటూ ఇటూ వాదనలు రాసి ఉచితంగా పెడుతుంది, ఎర్లీ ఓటింగ్‌కి (ఎన్నిక రోజుకి ముందే ఓటేయడానికి) వెళ్ళేలోపు అది ఒకసారి చదవండి.