ఆస్టిన్‌లో సీటు దగ్గరికే భోజనం, బీరు తెచ్చే సినిమా హాళ్లు: వెళ్లవచ్చా, డబ్బు దండగా?

అమెరికాలోని ఆస్టిన్‌కు కొత్తగా వచ్చానని, ఇలాంటి హాలుకు ఒకసారైనా వెళ్లవచ్చా అని అడిగారు. వెళ్లండి. కాకపోతే ఏ సినిమాకు వెళ్తున్నారో చూసుకుని వెళ్లండి.

ఈ పద్ధతికి అంత పేరు తెచ్చిన అలామో డ్రాఫ్ట్‌హౌస్ అనే సినిమా హాళ్ల సంస్థ పుట్టింది మీ ఊళ్లోనే. 1997లో టిమ్ లీగ్, క్యారీ లీగ్ దంపతులు డౌన్‌టౌన్‌లోని ఒక పాత పార్కింగ్ గ్యారేజీని ఒక్క తెర ఉన్న హాలుగా మార్చారు. 2024లో ఆ సంస్థను సోనీ పిక్చర్స్ కొనుక్కుంది. అక్కడ నన్ను కట్టిపడేసింది బీరు కాదు, నిశ్శబ్దం. మాట్లాడినా, ఫోనుతో కాలక్షేపం చేసినా ఒకసారి హెచ్చరిస్తారు. మళ్లీ చేస్తే బయటికి పంపేస్తారు, టికెట్టు డబ్బులు కూడా తిరిగి ఇవ్వరు. ఈలల మధ్య, కాగితం ముక్కల వానలో సినిమాలు చూసి పెరిగినవాడిని, మొదటిసారి పరీక్ష హాల్లో కూర్చున్నట్టే అనిపించింది. పైగా అప్పట్లో చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చేవారు! కావలసింది రాసి బల్ల అంచున నిలబెడితే, మనిషి నడుం వంచుకుని వచ్చి చప్పుడు లేకుండా పట్టుకుపోయాడు.

మనకు విశ్రాంతి ఉంటుంది కాబట్టి సమోసా అప్పుడు తింటాం. ఇక్కడ విశ్రాంతి లేదు. తినడం, చూడడం రెండూ ఒకేసారి జరగాలి. అందుకే కళ్లు తిప్పకుండా చూడాల్సిన సినిమాకు నేను అక్కడికి వెళ్లను. సరిగ్గా పతాక సన్నివేశంలో బిల్లు వస్తుంది. నాయకుడు కొండ అంచున వేలాడుతుంటే మీరు చీకట్లో టిప్పు లెక్క వేసుకుంటుంటారు. హాస్య చిత్రాలకు, ఇదివరకే చూసిన పాత సినిమాలకు మాత్రం ఇంతకు మించిన చోటు లేదు.

బీరు కావాలంటే 21 ఏళ్లు నిండినట్టు గుర్తింపు చూపాలి. డ్రైవింగ్ లైసెన్సు ఇంకా చేతికి రాకపోతే పాస్‌పోర్టు తీసుకెళ్లండి. కారు నడిపేవారు తాగకుండా ఉంటేనే నయం.

శాకాహారులైతే ఇంకొంచెం జాగ్రత్త. వేరే హాల్లో ఒకసారి మా ఆవిడ చిక్కుడు గింజల నాచోస్ (మొక్కజొన్న చిప్స్) రాసిచ్చింది. వచ్చిన పళ్లెం మీద వేడి చీజ్ పొగలు కక్కుతోంది, కింద ఏముందో కనబడదు, ఫోను వెలిగిస్తే గెంటేస్తారు. రెండో ముద్దకు పంటి కింద పడింది, గొడ్డు మాంసం. పళ్లెం మార్చి ఇచ్చారు గానీ అప్పటికి ఆమెకు ఆకలీ పోయింది, కథా పోయింది. ఇప్పుడు తను దీపాలు ఆర్పకముందే బంగాళదుంప వేపుడు ముక్కలు తెప్పించుకుని, ఒక్కొక్కటీ తిప్పి చూసి మరీ తింటుంది.