పసిబిడ్డకు దుప్పటి అల్లుతున్నారా? దారం ఎంచుకునే ముందు ఇది చదవండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సాపురం పక్కన పల్లెటూరు. చిన్నప్పటి నుంచి లేసు అల్లుతున్నాను. మా అమ్మాయికి డిసెంబరులో డెలివరీ అన్నారు. పురుటికి మా ఇంటికే వస్తోంది. పుట్టబోయే బిడ్డకు నా చేత్తో ఒక దుప్పటి అల్లాలని ఆశ. షాపులో బేబీ ఊలు అని ఒకటి, కాటన్ అని ఒకటి చూపించారు. ఊలు తగిలితే పిల్లలకు దద్దుర్లు వస్తాయని పక్కింటావిడ అంటోంది. మా అమ్మాయికి చిన్నప్పుడు ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉండేది, అందుకే టెన్షన్‌గా ఉంది. ఇంట్లో లేసు దారం చాలా మిగిలింది. దాంతోనే అల్లేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు లేసు దారం సంగతి చెబుతాను. అది వద్దు. ఏళ్ల తరబడి అలవాటైన దారం కాబట్టి మీ వేళ్లకు మెత్తగానే ఉంటుంది. కానీ దాన్ని గట్టిగా పురి పెట్టి, మెరుపు కోసం మెర్సరైజ్ చేస్తారు, అంటే కాస్టిక్ సోడా నీళ్లలో ముంచుతారు. బల్ల మీద పరిచే గుడ్డకు ఆ బిగువు అందం. రోజుల బిడ్డ బుగ్గకు అది గరుకే.

ఇంకో భయం కూడా ఉంది. లేసు అంటేనే కన్నాలు. వాటిలో బిడ్డ వేలు దూరి, సన్నటి దారం చుట్టుకుంటే రక్తం ఆడదు. వేలు ఎర్రగా వాచిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. పాలు పట్టినా, ఎత్తుకుని తిప్పినా ఏడుపు ఆగని బిడ్డను తీసుకొస్తే నేను సాక్స్ విప్పించి కాలి వేళ్లు తప్పకుండా చూస్తాను. తల్లి తలవెంట్రుకో, సాక్స్ లోపలి పోగో బిగుసుకుని కనిపించిన పిల్లలున్నారు. అందుకే మీరు ఏ దారం తీసుకున్నా కుట్టు దగ్గరగా వేయండి. అల్లిన గుడ్డలో మీ చిటికెన వేలు కూడా దూరకూడదు. దారం కొసలు లోపలికి పోనిచ్చి గట్టిగా ముడి వేయండి. కుచ్చులు, పూసలు, బొత్తాలు ఏవీ పెట్టొద్దు. మీ లేసు పనితనం చూపించాలంటే బారసాల రోజు ఉయ్యాలకు బయటి వైపు, బిడ్డ చేతికి అందనంత ఎత్తులో కట్టండి. వచ్చినవాళ్లంతా చూస్తారు.

ఇక ఊలు. మన షాపుల్లో బేబీ ఊలు అని ఇచ్చేది చాలావరకు అక్రిలిక్, అంటే సింథటిక్ దారం. లేబుల్ చదివించుకోండి. లేబుల్ లేకపోతే పెరట్లో ఇనప గరిటె మీద జానెడు ముక్క పెట్టి వెలిగించి చూడండి. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగిలితే నూలు. వెంట్రుక కాలిన వాసన వస్తే నిజమైన ఉన్ని. కరిగి గట్టి నల్ల ఉండలా తయారైతే అక్రిలిక్.

పక్కింటావిడ మాటలో కొంత నిజముంది. ఉన్ని పోగు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దాటి లావుగా ఉంటే దాని కొసలు చర్మాన్ని పొడుస్తాయి. దురద, ఎరుపు ఎక్కువగా ఆ పొడుపు వల్లే వస్తాయి. అసలైన ఉన్ని అలర్జీ అరుదు. 20 మైక్రాన్ల లోపుండే సన్నటి మెరినో జాతి గొర్రెల ఉన్ని చాలామంది పిల్లలకు ఇబ్బంది పెట్టదు. అయినా మీకు నేను ఉన్ని చెప్పను. వేడినీళ్లలో రుద్ది ఉతికితే అది ముడుచుకుపోయి అట్ట కట్టేస్తుంది. బిడ్డ దుప్పటి మీద పాలు కక్కడం, ఒంటేలు పోయడం రోజూ జరిగే పని. ఉతకడానికి భయపడాల్సిన దుప్పటి బీరువాలోనే ఉండిపోతుంది.

అక్రిలిక్ తేలిగ్గా ఉంటుంది, ముసురులోనూ త్వరగా ఆరుతుంది. అయితే చెమట పీల్చదు. డిసెంబరు తెల్లవారుజామున చలి ఉన్నా, పొద్దెక్కాక మన డెల్టాలో ఉక్కే. ఎగ్జిమా వచ్చే అవకాశం ఉన్న చర్మానికి చెమట మంచిది కాదు. మీ అమ్మాయికి ఉండేది కాబట్టి బిడ్డకూ రావచ్చు, తప్పక వస్తుందని మాత్రం లేదు. మరో విషయం నాకు ఇంకా పెద్దది. స్నానం కాగానే బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం చాలా ఇళ్లలో అలవాటు. నిప్పు రవ్వ పడితే అక్రిలిక్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఆ గాయం లోతుగా పడుతుంది. పొగ బిడ్డ ఊపిరితిత్తులకు ఎలాగూ పడదు, దాన్ని మానేయండి. దీపం, కుంపటి దగ్గరికి అయితే ఏ దుప్పటీ తీసుకెళ్లొద్దు.

నా ఓటు వదులుగా పురి పెట్టిన మెత్తటి నూలు దారానికి. కొంచెం తేలిగ్గా కావాలంటే నూలు ఎక్కువ, అక్రిలిక్ తక్కువ ఉన్న దారం. మిల్క్ కాటన్ పేరుతో అమ్మేది సాధారణంగా ఇలాంటి మిశ్రమమే, అందులో పాలేమీ ఉండవు. ఉండను చేత్తో నొక్కి చూస్తే చాలదు, మెడ పక్కన పెట్టి రెండు నిమిషాలు రుద్దండి. మీకు గుచ్చుకుంటే బిడ్డకు ఇంకా గుచ్చుకుంటుంది. నూగు రాలే దారం వద్దు, ఆ నూగు నోట్లోకి, ముక్కులోకి పోతుంది. తెలుపు, లేత రంగులు మేలు. ముదురు రంగు నచ్చితే ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద నొక్కండి, రంగు దిగితే తిరిగిచ్చేయండి.

నూలు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఆరడానికి టైమ్ పడుతుంది. అందుకే ఒక మందపాటిది బదులు పల్చటివి రెండు అల్లండి. 75 సెంటీమీటర్ల చదరం చాలు. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వాడుకోవచ్చు.

బిడ్డకు కప్పే ముందు ఒకసారి తప్పకుండా ఉతకండి. గోరువెచ్చటి నీళ్లు, వాసన లేని తేలికపాటి లిక్విడ్ సబ్బు సరిపోతాయి. బ్లీచ్, సెంటు వాసనల కండిషనర్ వద్దు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, బట్ట బిరుసెక్కుతుంది, సబ్బు కూడా సరిగా వదలదు. కడసారి జాడించేది మంచినీళ్లతో జాడించండి. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, చాప మీద పరిచి ఎండలో ఆరేయండి.

ఈ మాట మీ అమ్మాయికి కూడా చదివి వినిపించండి. ఏడాది నిండేవరకు నిద్రపోయే బిడ్డ మీద విడి దుప్పటి వేయకూడదు. ముఖం మీదికి జారితే తీసుకునే బలం వాళ్లకు ఉండదు. వెల్లకిలా పడుకోబెట్టి, చలిగా ఉంటే ఇంకో పొర బట్ట వేయండి. మనం వేసుకున్న దానికంటే ఒక పొర ఎక్కువ సరిపోతుంది. అరచేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడొద్దు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పడుతుంటే ఒక పొర తీసేయాలి. మీ దుప్పటి ఒళ్లో పెట్టుకున్నప్పుడు, టీకాకి తీసుకెళ్లేటప్పుడు, మెలకువగా ఉన్న బిడ్డను మీరు ఎదురుగా కూర్చుని బోర్లా ఆడించేటప్పుడు వాడండి.

పురుడు దాకా దాచేటప్పుడు బీరువాలో కలరా ఉండలు మాత్రం వేయకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో వాటి ఆవిరికే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, తీవ్రమైన పచ్చకామెర్లు రావచ్చు. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ, పుట్టగానే పైకి కనిపించదు. పుట్టిన మొదటి రోజే ఒళ్లు పచ్చబడినా, పసుపు అరికాళ్ల దాకా పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా ఎండలో పెట్టి చూద్దామని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కలరా ఉండలతో పెట్టిన పాత పసిబట్టలు ఇంట్లో ఉంటే ఈ బిడ్డకు వాడొద్దు. కొత్త దుప్పటిని పూర్తిగా ఆరాక, ఉతికిన పాత పంచె గుడ్డలో చుట్టి, తేమ తగలని చోట పెట్టండి.